సోమశిల నీళ్లల్ల జెట్ ఇంజన్లు: తొమ్మిదేండ్లు నడిపినంక

పోయిన నెల కల్వకుర్తి నుంచి ఒకాయన ఫోన్ చేసిండు. సెకండ్ హ్యాండ్ల ఎర్ర జెట్ బోటు ఒకటి అగ్గువకు వస్తున్నదట, తీస్కోవాల్నా వద్దా అని. "ఇంజన్ 110 హార్స్ పవర్ అన్నా, సరిపోతదా?" అన్నడు. హార్స్ పవర్ ముచ్చట తర్వాత, ముందు ఏ నీళ్లల్ల నడుపుతవో చెప్పుమన్న. నీళ్లకూ ఇంజన్‌కూ ఏం సంబంధమని నవ్విండు. ఆ సంబంధం తెల్వక మేం కరాబు చేసిన సామాన్ల పైసలతోని నేను ఊర్ల ఇంకో అర్ర ఏసుకుందును. ఫోన్ల ఆయనకు చెప్పింది సగమే. మిగిలింది ఇక్కడ రాస్తున్న.

నేను 2016 కృష్ణా పుష్కరాలప్పుడు కొల్లాపూర్ దిక్కు, శ్రీశైలం డ్యాం ఎనక నిలిచిన నీళ్ల ఒడ్డున ఉన్న సోమశిల రేవుల బోటెక్కిన. అప్పటి నుంచి నా చేతుల నాలుగు ఇంజన్లు నడిచినయి. రెండు నా సొంతం: మొదట 40 హార్స్ పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు ఎనక బయట తగిలిచ్చేది, నీళ్లల్ల ఫ్యాన్ తిరిగే ఇంజన్), తర్వాత 60 ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్. ఇంకో రెండు ఒక కాంట్రాక్టరువి. ఓనరు ఆయన, నడిపేది, విప్పేది, తిట్లు తినేది నేను. అందుల ఒకటి 110 జెట్, మూడు సిలిండర్లు, సాదా ఇంజన్. ఇంకోటి సూపర్‌చార్జర్ (ఇంజన్‌లకు గాలిని ఒత్తిడితోని నెట్టేది) బిగిచ్చిన పెద్ద జెట్, 250 దాటిన పవర్. కంపెనీ పేర్లు రాయను. రేవుల అయిన నష్టాల సగం తప్పు ఇంజన్‌ది కాదు, మాది.

నీళ్ల సంగతి చెప్పకుంటె ఈ లెక్కంతా ఉత్తదే. శ్రీశైలం డ్యాం నిండు మట్టం 885 అడుగులు. వానాకాలం నిండినప్పుడు మా రేవు సముద్రం తీరు ఉంటది, ఏ ఇంజనైనా రాజే. ఎండాకాలం అదే నీళ్లు కనీస మట్టమనే 854 అడుగుల కిందికి కూడ జారుతయి. అవతల సంగమేశ్వరం గుడి బయటపడుతది. ఇవతల మునిగిపోయిన ఊర్ల మొండిగోడలు, చెట్ల మొద్దులు అర మీటరు నీళ్ల కింద దాక్కొని ఉంటయి. వీటికి తోడు ఒండ్రు. డ్యాం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పటి లెక్కల్ల 215 చిల్లర. తగ్గిన తొంభై టీఎంసీల జాగల కూసున్నది మట్టే. ఆ మట్టిల కొంత నా పంపుల నుంచి పోయింది, నమ్ముండ్రి.

జెట్ బోటు చూడనోళ్లకు ఒక మాట. దానికి కింద ఫ్యాన్ వేలాడది. అడుగున జాలీ ఉంటది. జాలీ మీద సొరంగం, సొరంగంల ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం. నీళ్లను కింద నుంచి గుంజి ఎనక నాజిల్ అనే సన్న మూతిల నుంచి చిమ్ముతది. పొలంల మోటరు ఏసినంక పైపు చేతుల ఎదురు తంతది చూడుండ్రి, ఆ తన్నుడుతోనే బోటు ముందుకు పోతది. న్యూజిలాండ్‌ల విలియం హామిల్టన్ అనే ఆయన 1950లల్ల లోతులేని గులకరాళ్ల ఏర్ల కోసం దీన్ని పనికొచ్చేటట్టు చేసిండు. ఎవరెస్ట్ ఎక్కిన హిల్లరీ 1977ల ఇట్లాంటి బోట్లతోనే గంగకు ఎదురెక్కి నందప్రయాగ దాకా పోయిండు. ఈ కథ విన్నంక మా కాంట్రాక్టరుకు జెట్ మీద మోజు ఇంకింత పెరిగింది. గులకరాయికి జాలీ అడ్డం పడుతది. మా ఒండ్రుకు ఏ జాలీ అడ్డం?

110 జెట్‌తోనే మొదలుపెడుత. మంచి మాట ముందు: స్పీడు మీద ఉన్నప్పుడు ఇది బెత్తెడు నీళ్లల్ల కూడ పోతది. ఏప్రిల్‌ల నా అవుట్‌బోర్డ్ ఫ్యాన్ నేలకు తాకే జాగల ఇది పిట్ట లెక్క దాటేది. ఈతగాళ్ల దగ్గరికి పోవాలన్నా ఇదే మేలు, తిరిగే రెక్క బయట ఉండది గనక. ఎవరన్నా నీళ్లల్ల పడితె నేను దీన్నే తీసేటోన్ని. ఒక్కడే కూసుంటె గంటకు 75 కిలోమీటర్ల దాక పోయింది. ఇంజన్ మటుకు చూస్తే బంగారమే. మూడు సీజన్లల్ల 540 గంటలు నడిచింది, తల విప్పలేదు. ఆయిల్, ప్లగ్గులు, ఫిల్టర్, అంతే.

మరి తంటా ఎక్కడ? ఇంజన్ ఎనక పంపుల. ఇంపెల్లర్ చుట్టు వేర్ రింగ్ అని ఒక గుండ్రని గోడ ఉంటది. ఆ రెంటి నడుమ సందు కొత్తల మా దాంట్ల 0.3 మిల్లీమీటర్. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి బ్లేడ్లు) పట్టి నాలుగు దిక్కుల కొలిచి గోడ మీద పెన్సిల్‌తోని రాసిపెట్టిన. 110 గంటలు నడిచినంక కొలిస్తే 0.75. వేలుతోని తడిమితె రింగు లోపలంతా గీతలు, పాత గ్రామఫోన్ రికార్డు తీరు. బయటికి ఎట్ల తెలుస్తదంటె, రేస్ ఇస్తే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతదో చూపే మీటరు 7,000 దాటి మొత్తుకుంటది, బోటు మాత్రం లేవది. క్లచ్ ప్లేట్లు అరిగిన ట్రాక్టరు గడ్డెక్కినట్టు. కొత్తోడైతె ఇంజన్ కరాబయిందనుకొని మేస్త్రి కాడికి ఉరుకుతడు. మేమూ ఉరికినం. ఆయన ఇంజెక్టర్లు కడిగి పైసలు తీస్కున్నడు, బోటు ఎప్పటి లెక్కనే.

అప్పటి నుంచి ఒక రూలు పెట్టుకున్న. నడుం లోతు నీళ్లు రాంది స్టార్ట్ చేయొద్దు. బోటును చేతులతోని నెట్టుకుంట పోవాలె, మెల్లగ రేస్ ఇచ్చి లోతుకు పోయినంకనే స్పీడు. ఒడ్డు కాడ నిలబడి రేస్ ఇస్తే పంపు కింది ఇసుకనంత గుంజి మింగుతది. ఈ ఒక్క అలవాటుతోని రెండో రింగు 230 గంటలు వచ్చింది. కిరాయికి వచ్చినోళ్లు మాత్రం ప్యాంట్లు తడుస్తయని మొఖం ముడుచుకుంటరు.

ఇంగ చీర కథ. ఒక శివరాత్రి, లలితా సోమేశ్వర స్వామి గుడి కాడ జనం ఇసుక పోస్తే రాలనంత ఉన్నరు. స్నానాలు చేసి పాత బట్టలు నదిల ఇడిసిపెట్టుడు మనోళ్ల అలవాటు. ఐదుగురిని ఎక్కించుకొని వస్తున్న, రేవు ఇంక వంద గజాలున్నదనంగ ఇంజన్ ఒక్కసారి గుర్రుమని ఆగింది. మళ్ల స్టార్ట్ చేస్తే వణుకుడు తప్ప కదులుడు లేదు. కీ తాడు పీకి జేబుల పెట్టుకున్న (ఇది మరిచి జాలీల చెయ్యి పెడితె వేళ్లు ఉండయి) నీళ్లల్ల దిగి అడుగున తడిమిన. జాలీ కమ్మీల నడిమి నుంచి ఆకుపచ్చ చీర కొంగు ఒకటి వేలాడుతున్నది. మిగిలిందంత లోపల షాఫ్ట్‌కు చుట్టుకొని పగ్గం పేనినట్టు గట్టిపడ్డది. జరీ అంచు ఉన్న కాడ హాక్సా బ్లేడు కూడ జారుతున్నది. మునిగి ఊపిరి పట్టి నాలుగు పోగులు కోసుడు, తేలుడు, మళ్ల మునుగుడు. గంటన్నర పట్టింది. ఎక్కినోళ్లను చాపలు పట్టే ఒక కాక పుట్టిల రెండు తిరుగుళ్లల్ల ఒడ్డుకు చేర్చిండు. ఆఖరికి బయటికి వచ్చిన ముక్కలన్ని ఒడ్డున కుప్ప పోస్తే అక్కడున్న ముసలామె ఒకామె, "మంచి చీరెనే, బిడ్డ పెండ్లిదేమో" అన్నది. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

అదే నా అవుట్‌బోర్డ్‌కు వల చుట్టుకుంటె ఏం చేస్తం? ఇంజన్ బంద్ చేసి పైకి లేపుతం, ఫ్యాన్ కండ్ల ముందటికి వస్తది, కత్తితోని కోస్తం. ఐదు నిమిషాలు. మొద్దుకు తగిలినా ఫ్యాన్ లోపల రబ్బరు బుష్ జారి గేర్లను కాపాడుతది. ఈ నీళ్లల్ల వలలు, తాళ్లు, కొబ్బరి పీచు, పూల దండలు, సంచులు ఉన్నన్ని రోజులు, పైకి లేపి చూసుకునే ఇంజన్‌కు ఉన్న సుఖం వేరే.

జెట్ నడిపేటోళ్లకు ఇంకో ముచ్చట పానం మీదికి తెచ్చేది. దీనికి చుక్కాని లేదు. నాజిల్ తిరిగితేనే బోటు తిరుగుతది, నీళ్లు చిమ్మితేనే నాజిల్‌కు బలం. అడ్డం ఏదన్న వస్తే మనిషి మొదలు చేసే పని రేస్ ఇడిసిపెట్టుడు. ఇడిసిపెడితె హ్యాండిల్ ఎంత తిప్పినా బోటు సక్కగనే పోతది. కొత్తగ చేరిన ఒక పిలగాడు మెట్లు దగ్గరపడంగనే భయపడి రేస్ ఇడిసిండు. హ్యాండిల్ పూర్తిగ కుడికి తిప్పి ఉన్నది, బోటు మాత్రం గీత గీసినట్టు మెట్ల మీదికే. మనుషులకు ఏం కాలే, ముందటి ఫైబర్ పగిలింది. కొత్త మోడళ్లల్ల రేస్ ఇడిసినా కొంత తిరిగేటట్టు ఏర్పాటు ఉన్నది, కొన్నిట్ల చేతి బ్రేకు కూడ ఉన్నది. పాతది కొంటె ఇవి ఉన్నయా లేవా మొదట చూడుండ్రి. "తిరగాలంటె రేస్ ఇయ్యి" అనేది ఒంటికి పట్టేదాక ఎవరికీ తాళం చెవి ఇయ్యొద్దు.

పెద్ద జెట్ గురించి ఎక్కువ రాయను, ఎందుకంటె అది నడిచింది తక్కువ, నిలబడ్డది ఎక్కువ. దాని పికప్ ఒక్కసారి చూస్తే జన్మల మరువరు, అది ఒప్పుకుంట. రేస్ ఇస్తే చేతులు భుజాల కాడ ఊడొస్తయా అన్నట్టు ఉంటది. నిండు రేస్ మీద ట్యాంకు గంట కొంచెం దాటేదాక వస్తది, అదీ మంచి రకం పెట్రోల్ పోస్తే. సూపర్‌చార్జర్‌కు గంటల లెక్కన విప్పి సర్వీసు చేయాలె, మా కాంట్రాక్టరు ఆ మాట ఇనలే. "నడుస్తున్నది గద, ఎందుకు విప్పుడు?" అన్నడు. నడిచింది, నడిచింది, ఒక ఆదివారం లోపలి క్లచ్ పోయి ముక్కలు ఇంజన్ లోపలికి పోయినయి. అప్పటి దాక 190 గంటలు. సామాను ముంబై నుంచి రానీకె నెలన్నర, అప్పటికి సీజనే అయిపోయింది. తప్పు ఇంజన్‌దని నేననను. పుస్తకంల రాసింది చేయకుంటె ఏ బండైనా అంతే. కాని పది నిమిషాల కిరాయికి మనుషులను తిప్పేటోనికి ఈ ఇంజన్ ఎందుకు?

దాంట్ల ఒక గుణం మాత్రం నాకు నచ్చింది, చల్లబరిచే పద్ధతి. జెట్ ఇంజన్లల్ల రెండు తీర్లుంటయి. ఒక తీరు నది నీళ్లనే ఇంజన్ చుట్టు తిప్పి బయటికి పంపుతది. ఇంకో తీరుల కారు లెక్క కూలెంట్ లోపల్నే తిరుగుతది, బోటు అడుగున ఉన్న పలక నది నీళ్లకు తాకి దాన్ని చల్లబరుస్తది. మన ఒండ్రు నీళ్లకు రెండోదే మేలు, ఇంజన్ నరాల్ల మట్టి పేరుకోదు. అయినా పొగ గొట్టం చల్లబడేది నది నీళ్లతోనే, గనక దాన్నీ కడగాల్సిందే. సాదా 110 మొదటి తీరుది. తుంగభద్ర ఎర్రనీళ్లు కలిసే వరద నెలల్ల రోజూ పొద్దుగూకంగ కడిగేటోన్ని. ఈ కడుగుడుకు ఒక వరుస ఉన్నది: ముందు ఇంజన్ స్టార్ట్ చేయాలె, తర్వాత పైపు నీళ్లు ఇడవాలె, ఆపేటప్పుడు ముందు నీళ్లు బంద్, తర్వాత ఇంజన్. ఉల్టా చేస్తే నీళ్లు పొగ గొట్టంల నుంచి సిలిండర్లకు ఎక్కుతయి.

ఈ సంగతి నాకు పుస్తకం చెప్పలే, దెబ్బ చెప్పింది. 110 ఒకనాడు అమరగిరి దిక్కు నడిమిట్ల ఆగిపోతే (ఉత్త ఫ్యూజు, తర్వాత తెలిసింది) నా అవుట్‌బోర్డ్‌కు తాడు కట్టి గుంజుకొచ్చిన. పొద్దుగూకుతున్నదని స్పీడుగ గుంజిన. జెట్‌ను గుంజితె నీళ్లు దాని నాజిల్ దిక్కు నుంచి ఒత్తిడితోని కూలింగ్ పైపులల్లకు పోతయి, ఇంజన్ నడుస్తలేదు గనక బయటికి ఊదేటోడు లేడు. ఒడ్డుకొచ్చి స్టార్ట్ కొడితె టక్కుమని ఒక్క సప్పుడు, కదలదు. ప్లగ్గులు విప్పి తిప్పితె మూడు సిలిండర్ల నుంచి నీళ్లు పిచికారీ కొట్టినట్టు నా మొఖం మీదికి. అదృష్టం బాగుండి కనెక్టింగ్ రాడ్డు వంగలే. ఆ రాత్రి ఆయిల్ మూడుసార్లు మార్చినం, పాల లెక్క తెల్లగ వచ్చింది. అప్పటి నుంచి గుంజాల్సి వస్తే కూలింగ్ పైపుకు క్లాంపు, మనిషి నడిచినంత స్పీడు.

కొందరు అడుగుతరు, మామూలు అవుట్‌బోర్డ్‌కే ఫ్యాన్ బదులు జెట్ కాలు (కింద బిగించే జెట్ పంపు) బిగిస్తే రెండూ కలిసొస్తయి గద అని. వస్తది, కాని పవర్ల మూడో వంతు దాని ఖాతాలకు పోతది. అమ్మేటోళ్లే 60 హార్స్ పవర్ ఇంజన్‌కు జెట్ కాలు పెట్టి 40 అని రాస్తరు, 90ని 65 అని, 115ను 80 అని. సాగర్ దిక్కు ఒక సోపతిగాని దాన్ని రెండు రోజులు నడిపిన. ఎనిమిది మంది ఎక్కితె లేవనీకె మూల్గింది. ఇద్దరు ముగ్గురితోని రాళ్ల ఏరుల తిరిగేటోనికి పర్వాలేదు.

నా సొంత ఇంజన్ల సంగతి. టూ స్ట్రోక్ 40 ఆరేండ్లు, నోట్‌బుక్ ప్రకారం 2,600 గంటలు. పొగ, వాసన, సప్పుడు మూడూ ఉన్నయి. లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలుపుకుంట చేతులెప్పుడు జిడ్డే. ఆరుగురితోని మామూలు స్పీడు మీద గంటకు 11, 12 లీటర్లు తాగింది. ఫోర్ స్ట్రోక్ 60 అదే బరువుకు, అదే స్పీడుకు 8 లీటర్లు. 110 జెట్ ఆ పనికే 19. ఈ మూడు అంకెలు చూసినంక కిరాయి పని చేసేటోనికి ఇంకేం చెప్పాలె? వానాకాలం నుంచి సంక్రాంతి దాక రోజుకు మూడు నాలుగు గంటలు తిరిగేటోనికి ఏడాదిల ఇంకో ఇంజన్ పైసలు వస్తయి ఈ తేడాల.

అయితే టూ స్ట్రోక్‌ల ఉన్న ధైర్యం ఫోర్ స్ట్రోక్‌ల లేదు. తాడు గుంజితె లేస్తది. కార్బురేటర్ విప్పనీకె కొల్లాపూర్‌ల బైకు మేస్త్రి చాలు. ఫోర్ స్ట్రోక్‌ది ఇంజెక్షన్ గనక బ్యాటరీ సచ్చిందంటె అదీ సచ్చినట్టే. ఒకనాడు పొద్దుగూకినంక అవతలి ఒడ్డున బ్యాటరీ తీగ వదులై, సెల్‌ఫోన్ లైటు పట్టుకొని అర్ధగంట ఎతికిన. దాని తర్వాత పాత 40ని అమ్ముదామన్న ఆలోచన మానుకున్న. మామిడి లోడుకు అవతలికి పోవాలంటె ఇప్పటికీ దాన్నే కట్టుకుంట.

పెట్రోల్ మాట కూడ చెప్పాలె. పంపులల్ల 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చినంక అందరి ఇంజన్లకు ఒక కొత్త రోగం పట్టింది. చాలా అవుట్‌బోర్డ్ కంపెనీల పుస్తకాలల్ల 10 శాతం దాకనే ఒప్పుకుంటమని ఉంటది. ఇథనాల్ గాలిల తేమను గుంజుకుంటది, నది మీద తేమకు కొదవా? రెండు నెలలు నిలబెట్టిన క్యాన్ అడుగున నీళ్లు వేరే పడ్డయి. టూ స్ట్రోక్ రబ్బరు పైపు ఉబ్బి మెత్తబడ్డది. ఇప్పుడు ట్యాంకుకు ఇంజన్‌కు నడుమ నీళ్లు వేరుచేసే 10 మైక్రాన్ ఫిల్టర్ పెట్టిన, పెట్రోల్ వారానికి సరిపడనే తెస్త, సీజన్ అయిపోయిన రోజు పైపు పీకి కార్బురేటర్ ఎండేదాక నడిపి ఆపుత.

చిన్న ముచ్చట, ఎవరూ చెప్పరు గనక రాస్తున్న: తుప్పు నుంచి కాపాడనీకె ఇంజన్ కింద బిగిచ్చే లోహపు ముక్క సముద్రం బోట్లకు జింక్‌ది వస్తది. మంచినీళ్లల్ల అది పని చేయది, పైన పొర కట్టి ఊకుంటది. అల్యూమినియందో మెగ్నీషియందో అడిగి తీస్కోండ్రి. కాకినాడ నుంచి సామాను తెప్పించుకుంటె వాళ్లు అలవాటుగ జింక్‌దే పంపుతరు.

మరి ఎవరికి ఏది? మనుషులను, బరువును మోసి బతికేటోనికి 60 ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్, పక్కన చిన్నదో పాతదో తాడు గుంజే ఇంజన్ ఒకటి. ఈతగాళ్ల నడుమ తిరగాల్సిన రక్షణ బోటుకు, ఎండాకాలం పల్చటి నీళ్లల్ల పనికి సాదా జెట్. సూపర్‌చార్జర్‌ది పైసలున్నోని సరదాకు, అదీ నిండు నీళ్లల్ల, సర్వీసు పుస్తకం పక్కన పెట్టుకొని. మట్టం తెలుసుకోకుంట ఏ ఇంజన్ మీదా రేటు మాట్లాడొద్దు.

కల్వకుర్తి ఆయన పోయిన ఆదివారం ఆ ఎర్ర బోటును ట్రాలీ మీద ఏసుకొని మా రేవుకే తెచ్చిండు, చూడుమని. కొనకముందే తెచ్చినవా అంటె సగం పైసలు ఇచ్చిన అన్నడు. కింద పండుకొని టార్చి పట్టి ఫీలర్ గేజ్ పెట్టిన. ఒక దిక్కు 0.8, ఇంకో దిక్కు 1 మిల్లీమీటర్ బ్లేడు అలకగ దూరింది. ఇంపెల్లర్ అంచులు కొరికినట్టు ఉన్నయి. ఇంజన్ మాత్రం మొదటి తిప్పుకే లేచి పిల్లి లెక్క గురగురమన్నది. "పంపు మొత్తం కొత్తది ఏసుకునే ఖర్చు రేట్ల కొట్టేయమను, లేకుంటె ఇడిసిపెట్టు" అన్న. ఆయన కొడుకు అప్పటికే సీట్ల కూసొని హ్యాండిల్ తిప్పుకుంట నోటితోని ఇంజన్ సప్పుడు చేస్తున్నడు. ఆయన పిలగాని దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "రింగులు ఎన్ని తెప్పిచ్చుకోవాలన్నా?" అన్నడు. రెండు చెప్పిన. ఇంపెల్లర్ ఒకటి.